స్కోల్ అంటే చిప్ప

మన ఐటీ జనాలకి గ్లాసు పైకెత్తడం బాగానే అలవాటైపోయింది. ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళినా పార్టీయే, ఎవరైనా పేపర్లు పెట్టేసి వెళ్ళిపోతున్నా పార్టీయే. గ్లాసులో బీరున్నా థమ్సప్ ఉన్నా "ఛీర్స్" అనడం మాత్రం కామన్. ఆ మాటకి అర్థమేంటని మనమెప్పుడూ అడగం. పాత ఫ్రెంచిలో ముఖం అనే అర్థమున్న మాట అది. ముఖం కాస్తా ముఖంలో కనబడే భావమై, అక్కణ్ణించి హుషారై, చివరికి మన బీరు గ్లాసుల దాకా వచ్చింది. ఇంక "టోస్ట్" అనే మాటైతే అచ్చంగా కాల్చిన రొట్టె ముక్కే. ఒకప్పుడు ఇంగ్లండులో మసాలా దట్టించి కాల్చిన రొట్టెముక్కని వైనులో వేసుకుని తాగేవారట, దాన్నించి వచ్చింది. బ్రెడ్డు పోయి పేరు మిగిలిందన్నమాట :)

ఇవాళ నేను రాద్దామనుకున్నది వీటి గురించి కాదు, వీటి స్కాండినేవియా చుట్టం గురించి. దాని పేరు "స్కోల్". స్వీడన్, డెన్మార్క్, నార్వే మూడు దేశాల్లోనూ గ్లాసెత్తితే అనే మాట ఇదే. మా కోనసీమకీ ఈ మాటకీ ఏంటి సంబంధం అంటారా? చాలా ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

2008 శీతాకాలంలో ఎనిమిది నెలల ఆన్‌సైట్ మీద స్టాక్‌హోమ్ వెళ్ళాను. డిసెంబర్లో అక్కడ మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడిపోతుంది. మూడింటికి లైట్లేసుకుని కూర్చుంటే గోదారి ఒడ్డున పుట్టినవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ నెలలో టీమంతా కలిసి క్రిస్మస్ భోజనానికి వెళ్ళాం. అక్కడ చూశాను మొదటిసారి ఈ స్కోల్ తంతు. మనలాగా గ్లాసులు టంగుటంగుమని కొట్టేసుకుని గటగటా తాగెయ్యడం ఉండదు. గ్లాసు ఎత్తాలి, ఎదుటివాడి కళ్ళలోకి చూడాలి, "స్కోల్" అనాలి, ఓ గుక్క తాగాలి, గ్లాసు దించేముందు మళ్ళీ కళ్ళలోకి చూడాలి. బల్ల చుట్టూ పన్నెండు మందుంటే ఆ పన్నెండు మందినీ చూడాలి. మేనేజరు కళ్ళలోకి సూటిగా చూడ్డం అలవాటు లేని మనలాంటివాళ్ళకి మొదట్లో కాస్త ఇబ్బందే.

ఆ భోజనాల దగ్గరే ఒకాయన మాకు ఈ మాట పుట్టుక చెప్పాడు. వైకింగులు యుద్ధంలో చంపిన శత్రువుల పుర్రెల్లో మద్యం పోసుకుని తాగేవారనీ, ఇంగ్లీషు "స్కల్" లోంచే ఈ స్కోల్ వచ్చిందనీ. మీలో చాలామందికి ఈ కథ ఫార్వర్డు మెయిళ్ళలో వచ్చే ఉంటుంది. దాని తోడబుట్టినవి ఇంకో రెండున్నాయి. తాగేటప్పుడు కళ్ళలోకి చూసేది ఎదుటివాడు కత్తి దూస్తాడేమోనని ట, గ్లాసులు గుద్దేది ఒకరి గ్లాసులో విషం ఇంకొకరి గ్లాసులోకి చిందాలని ట. వినడానికి మహా బావుంటాయి. ఏ ఒక్కదానికీ ఆధారం మాత్రం లేదు.

అసలు సంగతి చాలా సాదాసీదా. పాత నార్స్ భాషలో "స్కాల్" అంటే గిన్నె. అంతే. ఐస్‌లాండులో ఇప్పటికీ ఆ మాటని దాదాపు అలాగే రాస్తారు. అదే కుటుంబంలో జర్మన్లో "షాలె" ఉంది, దానికి గిన్నె అనీ, పెంకు అనీ, తొక్క అనీ కూడా అర్థాలున్నాయి. ఇంగ్లీషులో "షెల్" దీనికి దగ్గరి చుట్టమే. తూకం వేసే "స్కేల్స్" ఉన్నాయే, అది మరీ దగ్గర. త్రాసుకి రెండు పక్కలా వేలాడే గిన్నెల్ని బట్టి నార్స్ నుంచే ఇంగ్లీషులోకి ఆ మాట వచ్చింది. అంటే పెంకు, చిప్ప, గిన్నె, త్రాసు పళ్ళెం అన్నీ ఒకే ఇంటి పిల్లలు.

మరి పుర్రెల గొడవ ఎక్కణ్ణించి వచ్చింది? అక్కడుంది తమాషా. 1636లో డెన్మార్క్‌కి చెందిన ఓలె వోర్మ్ అనే వైద్యుడు పాత రూన్ లిపి గురించి, ప్రాచీన సాహిత్యం గురించి లాటిన్లో ఓ పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఒక పాత వీరగాథకి లాటిన్ అనువాదం ఉంది. ఆ గాథలో తాగేందుకు వాడే కొమ్ముని కవి డొంకతిరుగుడుగా "పుర్రెల మీది వంకర కొమ్మలు" అనే అర్థం వచ్చేలా చెప్పాడు. పశువు తల మీద మొలిచే కొమ్మేది? కొమ్ము. మన పొడుపు కథల్లాంటిదే. అనువాదంలో ఆ పొడుపు విడిపోలేదు, "తాము చంపినవాళ్ళ పుర్రెల్లో తాగుతారు" అని పడింది. ఒక్క వాక్యం పార్స్ చెయ్యడంలో వచ్చిన బగ్గు! దానికి ప్యాచ్ వచ్చేలోపు యూరప్ అంతా ప్రొడక్షన్లోకి వెళ్ళిపోయింది. దాదాపు నాలుగొందల ఏళ్ళవుతున్నా ఇంకా రన్ అవుతూనే ఉంది.

పుర్రెల్లో తాగినవాళ్ళు లోకంలో లేరని కాదు. సిథియన్లు అలా చేసేవారని హెరొడొటస్ రాశాడు. 811లో బల్గేరియా రాజు క్రూమ్ తన చేతిలో చచ్చిన బైజాంటియం చక్రవర్తి నికెఫొరస్ పుర్రెకి వెండి తాపడం చేయించి తాగాడంటారు. అవన్నీ వేరే కథలు. స్కోల్ మాత్రం గిన్నెలోంచి వచ్చిందే.

ఇంకో చిత్రమేంటంటే, తలకీ గిన్నెకీ సంబంధం నిజంగానే ఉంది, కాకపోతే అది తిరగబడి ఉంది. తలలో గిన్నె లేదు, గిన్నెలోంచే తల వచ్చింది. లాటిన్లో "టెస్టా" అంటే కుండ, కుండపెంకు. దాన్నించే ఫ్రెంచిలో తలకి "తెత్" అనే మాట వచ్చింది. జర్మన్లో తలని "కోఫ్" అంటారు, అది మన కాఫీ కప్పుకి చుట్టం. అంతదూరం ఎందుకు, మన కపాలం చూడండి. సంస్కృతంలో కపాలమంటే పుర్రె, భిక్షాపాత్ర, కుండపెంకు అన్నీనూ. యజ్ఞాల్లో పురోడాశం కాల్చేది కపాలాల మీదే, అవి మట్టి పెంకులు. ఇంక మన తెలుగు బుర్ర ఉండనే ఉంది. సొరకాయ బుర్ర, కొబ్బరి బుర్ర, బుర్రకథలో వాయించే బుర్ర, "బుర్రుందా నీకు" అని క్లయింటు కాల్ అయ్యాక మేనేజరు తిట్టే బుర్ర. లోపల ఖాళీగా ఉండి ఏదైనా పోసుకోడానికి వీలైనదల్లా బుర్రే. మన పూర్వీకుల అబ్జర్వేషన్‌కి దణ్ణం పెట్టాలి.

సరే, గిన్నె అనే మాట "నువ్వు చల్లగా ఉండాలి" అనే మాటగా ఎలా మారింది?

పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండువాడు స్నోరి స్టుర్లుసన్ నార్వే రాజుల చరిత్ర రాస్తూ, క్రైస్తవం రాకముందు అక్కడి బలుల పండగలు ఎలా జరిగేవో చెప్పాడు. విందులో పాత్రని మంట మీదుగా తిప్పి, పెద్ద దాన్ని ఆశీర్వదించేవాడు. మొదటిది ఓడిన్ పేర, రాజుకి గెలుపు రావాలని. తర్వాత న్యోర్డ్, ఫ్రెయ్ అనే దేవుళ్ళ పేర, పంటలు పండాలని, శాంతిగా ఉండాలని. ఆ తర్వాత చనిపోయిన బంధువుల జ్ఞాపకార్థం. క్రైస్తవం వచ్చాక దేవుళ్ళ పేర్లు మారాయి గానీ తాగడం మారలేదు. నార్వేలో గులతింగ్ చట్టం ప్రకారం, మంచి పంట కోసం, శాంతి కోసం క్రీస్తు పేర, మేరీమాత పేర ఇంట్లో బీరు కాచి తీరాల్సిందే, కాచకపోతే జరిమానా!

ఇది చదివినప్పుడు నాకు మన సాక గుర్తొచ్చింది. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ గ్రామదేవత ముందు కల్లు సాక పోస్తారు. తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద వదిలేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. దేవతకీ, పోయినవాళ్ళకీ ఇచ్చి, తర్వాత మనం. ఓడిన్‌కీ ఎల్లమ్మకీ పరిచయం ఉండే అవకాశం లేదు గానీ, మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటే.

గ్లాసులు ఇంటింటికీ వచ్చింది ఆ మధ్య కాలంలో. అంతకుముందు ఆ దేశాల పల్లెల్లో పెళ్ళైనా, చావైనా, పండగైనా బల్ల మీద ఒక పెద్ద చెక్కగిన్నె పెట్టేవారు. రంగులేసి, అంచు చుట్టూ అక్షరాలు రాసిన ఆ గిన్నెలు ఇప్పటికీ నార్వే, స్వీడన్ మ్యూజియంలలో కనిపిస్తాయి. అందులోంచే అందరూ తాగేవారు. గిన్నె నా చేతిలోంచి నీ చేతిలోకి వస్తోందంటే, నా మూతి తగిలిన చోట నీ మూతి తగులుతోందంటే, ఇంక వేరే దీవెన అక్కర్లేదు. గిన్నె పేరే దీవెన అయిపోయింది. నాకు అర్థమైనంతలో స్కోల్ అంటే ఇదే: ఇదిగో గిన్నె, నేను తాగాను, ఇప్పుడు నువ్వు తాగు.

ఆ తర్వాతి ప్రయాణం గబగబా చెప్పేస్తాను. 1589లో స్కాట్లండు రాజు ఆరో జేమ్స్ డెన్మార్క్ రాజకుమారిని పెళ్ళాడ్డానికి ఓడెక్కి వెళ్ళి, నార్వేలోనూ డెన్మార్క్‌లోనూ నెలల తరబడి విందులు చేసుకున్నాడు. ఈ మాట ఇంగ్లీషువాళ్ళ దాకా రావడానికి ఆ ప్రయాణం ఓ కారణం అయ్యుండొచ్చంటారు. 1841లో అమెరికా కవి లాంగ్‌ఫెలో ఓ వైకింగు కవితలో దీన్ని వాడాక అక్కడా ప్రసిద్ధమైపోయింది. మన దేశానికి కూడా వచ్చిందండోయ్, హేవార్డ్స్ 5000 బీరు చేసిన కంపెనీ పేరు కొన్నాళ్ళు స్కోల్ బ్రూవరీస్. కాబట్టి అమలాపురం సెంటర్లో బీరు కొట్టినవాళ్ళు తమకి తెలీకుండానే స్కోల్ అన్నట్టే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ భోజనాల రోజున పుర్రెల కథ అయిపోయాక, స్వీడన్ ఆవిడ ఒకామె నవ్వి "అదేం కాదు, గిన్నె అని అర్థం, నట్ షెల్ ఉంటుంది చూడండి, అలాంటి మాట" అంది. నా పక్కన మా టీములోనే పనిచేసే ఇంకో తెలుగు మిత్రుడున్నాడు. వాళ్ళది అల్లవరం వైపు పల్లె, మాది రాజోలు వైపు. మధ్యలో వైనతేయ పాయ ఒక్కటే అడ్డం. పరాయి దేశంలో కోనసీమవాడు దొరికితే ఇంక చెప్పేదేముంది, రోజూ కలిసే బస్సెక్కేవాళ్ళం. ఆమె షెల్ అనగానే అతను మెల్లిగా నాతో తెలుగులో అన్నాడు.

"అంటే చిప్ప అన్నమాట. వీళ్ళు చిప్పెత్తి చల్లగుండమంటున్నారు గురూ. మా నాన్నకి మీ ఊళ్ళవైపు టీ కొట్లలో ఆ చిప్పలోనే పోసేవారు."

నవ్వుతూనే అన్నాడు. నేనేమీ అనలేదు. అనడానికి ఏముంటుంది?

కోనసీమలో చిప్ప అంటే తెలియనివాడు ఉండడు కదండీ. గౌతమికీ వశిష్ఠకీ మధ్య నేలంతా కొబ్బరే. అంబాజీపేట మార్కెట్టు కొబ్బరి మీదే బతుకుతుంది. మట్ట నుంచి పీచు దాకా ఏదీ పారేయం. కాయ పగలగొడితే దేవుడికి చిప్ప, కోరు తీశాక చిప్ప పొయ్యిలోకి, కర్ర తగిలిస్తే గరిటె, బొగ్గు చేస్తే ఇస్త్రీపెట్టెలోకి. భాషలో కూడా అదే పోత. ముత్యపు చిప్ప, మోకాలి చిప్ప, జైలుకెళ్తే చిప్పకూడు, వ్యాపారం మునిగితే చేతికి చిప్ప. గమనించారా, మనిషి కింద పడ్డప్పుడల్లా వాడి చేతికొచ్చేది చిప్పే. నార్స్ వాళ్ళ చిప్ప దీవెనగా మారితే మన చిప్ప దరిద్రానికి గుర్తుగా ఎందుకు మిగిలిందో నేనంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మని అడిగాను.

"అమ్మా, తాతగారింట్లో వంటింటి వెనక చూరులో చిప్పలు దోపి ఉండేవి, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదురా, పాలేళ్ళ చిప్పలు. పొద్దున్నే టీ తాగేవారు కదా."

"టీ ఎవరు పోసేవారు?"

"అమ్మమ్మే పోసేది. వాళ్ళు చిప్ప పట్టుకుంటే పైనుంచి పోసేది. తాగాక ఎవళ్ళది వాళ్ళు కడుక్కుని చూరులో పెట్టేసేవారు."

"ఇంట్లో అన్ని గ్లాసులుండేవి కదమ్మా?"

అవతల కాసేపు మాట్లేదు. తర్వాత "ఇప్పుడెందుకురా అవన్నీ. నీ కార్డులో డబ్బులైపోతాయి, పెట్టేసెయ్" అంది.

అమ్మమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ మాటకొస్తే ఊళ్ళో అందరూ మంచి మనిషనే చెప్పుకునేవారు. పాలేరు పిల్లకి జ్వరమొస్తే తనే కషాయం కాచి పంపించేది. కానీ కషాయం కూడా పైనుంచే పోసేది. మనుషులు మంచివాళ్ళయితే చాలదు, గిన్నె కూడా మంచిదవ్వాలి అని నాకనిపించేది ఇందుకే.

మా ఇంటి చూరు ఒక్కటే కాదు. దక్షిణాదిలో ఎన్నో ఊళ్ళలో టీ కొట్ల దగ్గర కొందరికి గాజు గ్లాసు, కొందరికి కొబ్బరి చిప్ప ఉండేవి. తర్వాత చిప్ప పోయి వేరే గ్లాసు వచ్చింది, దాన్ని బయట మేకుకి తగిలించేవారు. దానికి రెండు గ్లాసుల పద్ధతి అని పేరు. ఎప్పటి మాటో అనుకోకండి. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం హోటళ్ళలో పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని విడిగా పేరు పెట్టి మరీ చెప్పింది. ఒక దేశం తన చట్టంలో గిన్నెల గురించి రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ గిన్నెల వెనక ఎంత కథ ఉందో చూడండి. అంత జరిగాక కూడా, అంటరానితనం మీద విచారణకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జస్టిస్ పున్నయ్య కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. అది 1999లో, మనం హైటెక్ సిటీ ముందు ఫోటోలు దిగుతున్న రోజుల్లో!

మా కోనసీమ గురించి ఇంకో మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టే. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మే 24న అమలాపురంలో గొడవలు జరిగాయి, ఒక మంత్రి ఇల్లూ, ఒక ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకుంటున్న కుర్రాళ్ళు సిగ్నల్ కోసం గోదారి గట్ల మీదకి పరిగెట్టారని వార్తలొచ్చాయి. చివరికి పేరు ఖాయమైంది, ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఎవరి రాజకీయం ఎంత అనేది నేనిక్కడ తేల్చను. నాకు తోచింది ఒకటే. ఒక పేరు పక్కన ఇంకో పేరు కూర్చోడానికే ఊరు తగలబడిందంటే, ఒక గ్లాసు పక్కన ఇంకో గ్లాసు పెట్టడం అంత తేలికేం కాదు.

"అయితే వైకింగులు దేవుళ్ళా?" అని మీరడగొచ్చు. కానే కాదు. వాళ్ళకి బానిసలుండేవారు, ఊళ్ళమీద పడి మనుషుల్ని ఎత్తుకొచ్చి అమ్మేవారు. ఆ గిన్నె బానిస చేతిదాకా వచ్చేదని నేననను. స్వీడన్లో ఆ బానిసత్వం పోయింది 1335లో. వాళ్ళ మాట గొప్పదనం వాళ్ళ పుణ్యం కాదు. బల్ల దగ్గర ఎవరెవరు కూర్చోవచ్చనేది మారుతూ వచ్చింది, మాట మాత్రం అదే ఉంది. అంతే తేడా.

మన దగ్గర అలాంటి మాటే లేదా అంటే, ఉంది. అదీ మా కోనసీమలో రోజూ వినబడేదే. శివాలయాల్లో అభిషేకం జరిగేటప్పుడు నమకం తర్వాత చమకం చదువుతారు కదా, అందులో నాకు ఇవి కావాలి, అవి కావాలి అని దేవుణ్ణి అడిగే పెద్ద జాబితా ఉంటుంది. ఆ జాబితాలో "సగ్ధి", "సపీతి" అని రెండు మాటలున్నాయి. సగ్ధి అంటే కలిసి తినడం, సపీతి అంటే కలిసి తాగడం. అమరకోశం సపీతికి ఇచ్చిన అర్థం ఏంటో తెలుసా? తుల్యపానం. సమానంగా తాగడం! ముక్తేశ్వరంలో, పలివెలలో, ఇంకా వీధివీధినా ఉన్న గుళ్ళలో తరతరాలుగా సపీతి కావాలని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాం. గుడి బయటికొచ్చి పైనుంచి పోస్తూనే ఉన్నాం. దేవుడికి కన్ఫ్యూజన్ రాదూ?

స్కోల్‌కి నిజమైన భారతీయ అనువాదం ఏదని ఎవరైనా నన్నడిగితే, మాట చెప్పను, ఒక తారీఖు చెప్తాను. 1927 మార్చి 20. మహారాష్ట్రలో మహద్ ఊరి చవ్‌దార్ చెరువు. పశువులు తాగొచ్చు గానీ కొందరు మనుషులు తాగకూడని చెరువు అది. అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి, దిగి, ఆ నీళ్ళు తాగారు. వెనకున్నవాళ్ళంతా తాగారు. ఆ నీళ్ళు లేకపోతే దాహంతో చచ్చిపోతారని కాదు, అందరూ తాగేచోట తామూ తాగాలని. అక్కడ గిన్నె లేదు, చిప్ప లేదు, దోసిళ్ళే. దానికి ఆ తర్వాత ఎదురుదెబ్బలు తిన్నారు, చెరువుని "శుద్ధి" చేసినవాళ్ళూ ఉన్నారు, కేసు 1937 దాకా కోర్టుల్లో నడిచి చివరికి గెలిచారు. తుల్యపానం అంటే అది.

ఇంకోటి, ఇదంతా చదివి తాగుడిని పొగుడుతున్నాననుకునేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు ఎందుకు మూయించారో తెలుసున్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. స్కోల్ అనడానికి మందే ఉండక్కర్లేదు. మజ్జిగైనా, బొండాం నీళ్ళైనా, ఆఫీసు ప్యాంట్రీలో ఆ చప్పిడి టీ అయినా సరిపోతుంది. ఏం తాగుతున్నామనేది కాదు ఇక్కడ లెక్క, దేంట్లో తాగుతున్నాం, ఎవరితో తాగుతున్నాం అనేది.

"ఇప్పుడు అవన్నీ ఎక్కడున్నాయి బాసూ, మన ఐటీలో కులం ఏంటి" అని కొందరు కామెడీగా తీసిపారేస్తారు. నిజమే, ఆఫీసులో అందరికీ ఒకే పేపర్ కప్పు. కానీ పేపర్ కప్పు సమానత్వం వల్ల వచ్చింది కాదు, సౌకర్యం వల్ల వచ్చింది. ఎవరి మూతీ ఎవరి గిన్నెకీ తగలకుండా పని జరిగిపోయే ఏర్పాటు అది. తగిలితే ఏమవుతుందో చూడాలంటే మన ఇళ్ళకి రావాలి. మియాపూర్లో, మారతహళ్ళిలో, మన గేటెడ్ కమ్యూనిటీల్లో వంటింటి గట్టు చివర, సింకు పక్కన, విడిగా ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది చూడండి. కొన్నిళ్ళలో దాని పక్కన ఒక ప్లేటు కూడా. పనిమనిషి గ్లాసు అంటారు. ఆమె కులమేంటో మనకి తెలియను కూడా తెలియదు, అడగం కూడా, మనం చాలా మోడరన్ కదా. కానీ గ్లాసు మాత్రం వేరే. మన గ్లాసులన్నీ ఆమే తోముతుంది, తోమిన గ్లాసులో ఆమె మాత్రం తాగకూడదు. ఇందులో లాజిక్ ఏంటో నేను ఇన్నేళ్ళ డీబగ్గింగ్ అనుభవంతో కూడా కనుక్కోలేకపోయాను.

చూరు పోయింది, అపార్ట్‌మెంట్ వచ్చింది. కొబ్బరి చిప్ప పోయింది, స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. వెర్షన్ నంబరు మారింది, కోడ్ మారలేదు.

మా ఇంట్లో ఆ విడి గ్లాసు లేదు. ఇందులో నా గొప్పేం లేదు, పెళ్ళైన కొత్తలోనే మా ఆవిడ "షెల్ఫులో ఏది చేతికొస్తే అది తీసుకో" అని చెప్పేసింది. మొదట్లో మా పనావిడే ఒప్పుకోలేదు. "వద్దులెండమ్మా, నాకు వేరేది ఇచ్చెయ్యండి, వచ్చినవాళ్ళు చూస్తే బావుండదు" అంది. అలవాటవడానికి రెండు నెలలు పట్టింది, మాకు కాదు, ఆమెకి. గిన్నె వేరు చెయ్యడం ఇచ్చేవాడి చేతికే కాదు, పుచ్చుకునేవాళ్ళ మనసుకి కూడా అంత లోతుగా నేర్పేశాం మరి.

ఈసారి టీమ్ పార్టీలో ఎవరైనా స్కోల్ అంటే పుర్రెల కథ చెప్పకండి. అది తప్పు అనువాదం. గిన్నె అని చెప్పండి. తెలుగులో అయితే చిప్ప అని చెప్పండి, మన కోనసీమ కొబ్బరి చిప్ప. ఇంటికెళ్ళాక ఒక్కసారి సింకు పక్కన చూడండి. బోర్లించిన గ్లాసు కనిపిస్తే దాన్ని తీసి మిగతా గ్లాసుల్లో కలిపెయ్యండి. ఏది ఎవరిదో రేపొద్దున మీకే గుర్తు రాకూడదు.